తూములోంచి వచ్చిన వైరు

ఆరో బ్లాకు వెనకాల, నీళ్ళ ట్యాంకు నీడలో పిల్లల పార్కు ఉంది. దాంట్లో ఒక సిమెంటు గుట్ట. గుట్ట పొట్టలోంచి ఈ కొస నుంచి ఆ కొసకి ఒక తూము. పగలంతా పిల్లలు అందులో దూరి కేకలేస్తూ ఆడుకుంటారు. చీకటి పడితే మాత్రం... ఎవరూ పోరు.

కుక్కని తిప్పడానికొచ్చిన పెద్దవాళ్ళు సైతం ఆ గుట్ట దగ్గరికొచ్చేసరికి గొలుసు కాస్త బిగించి పట్టుకుని, రెండడుగులు పక్కకి జరిగి వెళ్తారు.

ఎందుకని అడగండి. సకాయ్ ఊరి శివార్లలో ఉన్న ఆ బ్లాకుల్లో ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. రాత్రిళ్ళు తూములో ఏదో ఉంటుందట. దాని చేతిలో ఒక వైరు ఉంటుందట. సంచిలో గేమ్ పెట్టుకుని అటు వెళ్ళామా — లోపల్నించి మెల్లగా పిలుస్తుంది... "కలుపుదామా?"

మూడుసార్లు పిలుస్తుంది. మూడోసారికి కూడా కలపకపోతే వెనకాలే ఇంటిదాకా వస్తుంది. కలిపితే... గేములో మనకి అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని ఆ తీగలోంచి పీల్చేసుకుంటుంది.

ఈ కథ ఎవరు పుట్టించారో అక్కడ ఎవరికీ తెలీదు. ఒక్కడికి తప్ప. వాడి పేరు తెప్పెయ్. అప్పటికి పదకొండేళ్ళ వాడు.

తొంభై ఏడునాటి సంగతి. అప్పటి గేములు అరచేతిలో ఇటుక ముక్కంత ఉండేవి. తెర వెనక దీపం ఉండేది కాదు. పొద్దుగూకాక ఆడాలంటే ఆరో బ్లాకు మెట్ల పక్కన ఉన్న కూల్‌డ్రింకు డబ్బాల మిషను వెలుతురే దిక్కు. దీపం చుట్టూ పురుగులు మూగినట్టు పిల్లలంతా దాని చుట్టూ మూగేవాళ్ళు.

ఆ ఏడు అందరూ ఆడింది కూడా పురుగుల ఆటే. పురుగుని పట్టాలి, మేపాలి, అది గూడు కట్టుకునేదాకా సాకాలి. అక్కడ వస్తుంది చిక్కు. మన గేములో ఉన్నంతకాలం అది గూడులోనే ముడుచుకుని పడుంటుంది. వైరు కలిపి ఇంకొకడి గేములోకి పంపితేనే రెక్కలొస్తాయి. ఊరికే పంపడానికి లేదు, ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవాలి. అందుకని అవతలివాడు ఏదో పనికిరాని పురుగుని ఇటు తోస్తాడు. రెక్కలొచ్చాక మళ్ళీ ఎవరిది వాళ్ళు మార్చుకుంటారు. పిల్లలు దీన్ని నవ్వుకుంటూ 'పురిటికి పంపడం' అనేవాళ్ళు.

ఆ ఒక్క నిమిషం మాత్రం మన పురుగు అవతలివాడి చేతిలో ఉంటుంది. వాడు తిరిగి పంపుతాడన్న నమ్మకం తప్ప మన దగ్గర ఇంకేమీ ఉండదు.

గేములు అందరికీ ఉన్నాయి. వైరు ఉన్నది ఒక్కడికే, నొబుతోకి. ఏడాది పొడుగునా జలుబుతో ఉండేవాడు. నోట్లో మాట నోట్లోనే. బంతాటలో ఇద్దరు నాయకులూ అందర్నీ ఏరుకున్నాక మిగిలిపోయేవాడు. కానీ సాయంత్రం మిషను దగ్గర వాడు లేకపోతే పనే జరగదు. తరగతికి మొనగాడు దైగో అయితే వాణ్ణి పేరుపెట్టి కూడా పిలిచేవాడు కాదు. "ఒరేయ్ వైరూ, ఇటు రారా," అనేవాడు. నొబుతో నవ్వుకుంటూ వచ్చేవాడు. పిలిచారు కదా, అదే చాలు వాడికి.

వైరుని చెల్లెలి అన్నం డబ్బాకి కట్టే చిన్న గుడ్డలో మూట కట్టి తెచ్చేవాడు. మార్పిడి అయ్యాక వెంటనే పీకేవాడు కాదు. "అయిపోయిందా? తీయనా?" అని రెండుసార్లు అడిగేవాడు. అప్పుడు తీసి, నాలుగు వేళ్ళకి చుట్టి, మళ్ళీ గుడ్డలో పెట్టుకునేవాడు.

ఆ వేసవిలో నొబుతో నిజం కొమ్ము పురుగునొకదాన్ని పెంచాడు. పేరు గొంటా. పుచ్చకాయ తొక్కలు పెట్టి సాకాడు. సెప్టెంబరులో అది చచ్చిపోయింది. దాన్ని నీళ్ళ ట్యాంకు పక్కన పూడ్చి, గేములో పట్టిన కొమ్ము పురుగుకి ఆ పేరే పెట్టుకున్నాడు. ఆ ఆటలో ఒకసారి పేరు పెడితే పెట్టినవాడు తప్ప ఇంకెవడూ మార్చలేడు.

అక్టోబరు రెండోవారంలో గొంటా గూడు కట్టింది. పురిటికి పంపడానికి నొబుతో ఎంచుకున్నది తెప్పెయ్‌ని. దైగోని అడగడానికి భయమనుకుంటా. తెప్పెయ్ అయితే ఎప్పుడూ ఎగతాళి చెయ్యడు, ఒకసారి సగం బన్ను కూడా పెట్టాడు.

మిషను దగ్గర ఆ సాయంత్రం వాళ్ళిద్దరే ఉన్నారు. వైరు కలిపారు. తెప్పెయ్ ఒక పేరులేని ఆకుపురుగుని అటు తోశాడు. గొంటా ఇటొచ్చింది. గూడు పగిలింది...

రెక్కలు బంగారం రంగు. దైగో దగ్గర కూడా లేదు అలాంటిది. ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

"భలే ఉందిరా," అన్నాడు తెప్పెయ్.

"ఇంక పంపెయ్," అన్నాడు నొబుతో, కళ్ళు మెరుస్తుంటే.

తిరుగు మార్పిడి మొదలైంది. తెరమీద అక్షరాలొచ్చాయి — వైరు తీయవద్దు. తెప్పెయ్ బొటనవేలు వైరు పిన్ను మీద ఉంది. ఎప్పుడు పెట్టాడో వాడికే తెలీదు.

లాగాడు.

"అయ్యో... ఊడిపోయిందిరా."

నొబుతో మొహంలో నెత్తురు చుక్క లేదు. గొంటా ఏదని అడిగాడు. తన గేములో లేదన్నాడు తెప్పెయ్. తెర కనపడకుండా గేమ్‌ని చొక్కాకి అదుముకుని, ఆపేసి, నీ దాంట్లో లేకపోతే ఇంక తీగలోనే పోయుంటుందన్నాడు.

నొబుతో వైరు చేతిలోకి తీసుకున్నాడు. పిన్నులోకి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత తలొంచి...

"ఏమనుకోకురా. నా వైరే వదులైనట్టుంది. నీ పురుగు కూడా నా దగ్గరే ఇరుక్కుపోయింది."

"అది పోనీలేరా. ఉత్త ఆకుపురుగు."

ఏడ్చుంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఎదురు తనకే క్షమాపణ చెప్పాడు.

ఇంతా చేస్తే ఆ బంగారు రెక్కల పురుగు వాడికి ఎందుకూ పనికి రాలేదు. ఎవడితో వైరు కలిపినా మన పురుగుల పెట్టె మొత్తం అవతలివాడి తెరమీద కనపడుతుంది. అందులో గొంటా అన్న పేరు ఉంటుంది. ఆ పేరెవరిదో అందరికీ తెలుసు. బ్యాటరీ అయిపోయిందనీ, అమ్మ తిడుతుందనీ వంకలు చెప్పి వాడు ఎవరితోనూ కలపడం మానేశాడు. రాత్రిళ్ళు బల్ల దీపం కింద ఒక్కడే దాన్ని తీసి చూసుకునేవాడు. అది కూడా ఒకటి రెండు రోజులే. తర్వాత చూడబుద్ధి కాలేదు.

బళ్ళో మాత్రం కబురు పాకింది. తెప్పెయ్ చెప్పిందల్లా ఒక్కటే, వైరు మింగేసిందని. మిగతాదంతా దైగో అల్లాడు. ఆ వైరుకి దెయ్యం పట్టిందన్నాడు. అప్పట్నుంచి నొబుతోని ఎవరూ పిలవలేదు. 'వైరూ' అని కూడా పిలవలేదు.

అప్పుడు మొదలుపెట్టాడు నొబుతో, తూములో కూర్చోవడం. ట్యూషన్ నుంచి పిల్లలు తిరిగొచ్చే వేళకి లోపల చీకట్లో కూర్చుని, అలికిడైతే చాలు, "కలుపుదామా?" అనేవాడు. జలుబు గొంతు. పైగా తూములో పడి అది ఇంకేదో గొంతులా మోగేది. పిల్లలు హడలిపోయి పరుగెత్తారు.

తెప్పెయ్ ఆలోచన ఒక్కటే. ఎవడో ఒకడు ధైర్యం చేసి కలిపితే? ఏమీ పోకపోతే? వైరు బాగానే ఉందని తేలిపోతే?

అందుకని వాడే చెప్పాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు, చుట్టూ పదిమంది ఉండగా, గొంతు తగ్గించి చెప్పాడు. తూములో ఉండేది నొబుతో కాదురా. వాళ్ళమ్మ ఆరు దాటాక వాణ్ణి గుమ్మం దాటనివ్వదు, నాకు తెలుసు. అది వేరే. మూడుసార్లు పిలుస్తుంది, మూడోసారికి కలపకపోతే ఇంటిదాకా వస్తుంది... అక్షరం పొల్లుపోకుండా వాడు కల్పించిందే అదంతా. వెనక బల్ల దగ్గర నొబుతో ఒక్కడూ పాలు తాగుతున్నాడు. విన్నాడో లేదో తెలీదు.

నవంబరు మూడోవారంలో ఒకరోజు సార్ చెప్పారు. నొబుతో వాళ్ళ నాన్నకి ఉన్నట్టుండి సెండాయ్‌కి బదిలీ అయిందట. పొద్దున్నే సామాన్ల లారీ వెళ్ళిపోయిందట. వెళ్ళొస్తానని వాడు అందరికీ చెప్పమన్నాడట.

పిల్లలు "ఓహో" అన్నారు. అంతే.

తెప్పెయ్‌కి ఏమనిపించిందో చెప్తే మీరు వాణ్ణి అసహ్యించుకుంటారు. హమ్మయ్య అనిపించింది.

ఆ రాత్రి ట్యూషన్ ఎనిమిదిన్నరకి వదిలారు. చలి. నోట్లోంచి పొగ వస్తోంది. నెలరోజులుగా వాడు చుట్టు తిరిగి పెద్ద రోడ్డు మీద నుంచి ఇంటికి వెళ్తున్నాడు. ఇవాళ భయమెందుకు? తూములో కూర్చునేవాడు వెళ్ళిపోయాడు. కథ అల్లింది తనే. లేని దెయ్యానికి అల్లినవాడే జడుస్తాడా?

పార్కులోకి మళ్ళాడు.

ఉయ్యాల గొలుసు కిర్రుమంది... గాలికి. నీళ్ళ ట్యాంకు నీడ గుట్టని సగానికి మింగేసింది. తూము నోరు నల్లగా ఉంది. దానివంక చూడకూడదనుకున్నాడు. చూస్తూనే నడిచాడు.

సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి —

"కలుపుదామా..."

ఆగిపోయాడు.

గాలి అనుకున్నాడు. గాలే. వాడు సెండాయ్ వెళ్ళిపోయాడు. లారీ పోయింది. సార్ చెప్పారు.

"కలుపుదామా..."

ఈసారి దగ్గరగా. బొంగురుగా, తూము అడుగునుంచి తవ్వి తీసినట్టు. గాలికి మాటలు రావు కదా...

పరుగెత్తుదామనుకున్నాడు. పరుగెత్తితే? మూడోసారికి కలపకపోతే ఇంటిదాకా వస్తుంది. ఆ మాట అన్నదెవరు? వాడే. అబద్ధమని వాడికి తెలుసు. తెలిసినా, ఆ చీకట్లో, అది వాడి నోటి నుంచి పుట్టి వాడి మీదికే తిరిగొచ్చిన మాటలా లేదు. ఎప్పట్నుంచో ఉన్న మాటలా ఉంది.

అప్పుడు చూశాడు. తూము నోట్లోంచి, నేలమీద పాకుతూ... సన్నగా... వైరు కొస. కొంచెం వచ్చి ఆగింది. మళ్ళీ కొంచెం. వాడి బూటు దగ్గరికి వచ్చి ఆగింది.

"కలుపుదామా?"

మూడోసారి.

తెప్పెయ్ కూలబడిపోయాడు. సంచిలోంచి గేమ్ తీశాడు. రెండుసార్లు తప్పి, మూడోసారికి పిన్ను దిగింది. టింగ్ మని చప్పుడు... కలిసింది. అదే చప్పుడు లోపల్నించి కూడా వచ్చింది. అంటే అక్కడ ఎవరి చేతిలోనో గేమ్ ఉంది. కటిక చీకట్లో, దీపం లేని తెరతో, ఎవరు ఆడతారు?

లోపల మీట నొక్కిన చప్పుడు. టిక్.

వాడి పెట్టె తెరిచి చూస్తోంది. ఒక్కొక్క పురుగునీ నొక్కి చూస్తోంది. నొక్కినప్పుడల్లా ఆ పురుగు అరుపు తూములో సన్నగా మోగుతోంది. మొదటిది. టిక్. రెండోది. టిక్. మూడు... నాలుగు...

ఆరోది గొంటా.

వైరు లాగేయొచ్చు. ఒక్క గుంజు. వాడికి అలవాటైన పనే. బొటనవేలు పిన్ను మీదికి వెళ్ళింది కూడా... కదలలేదు.

అయిదు. టిక్.

గర్ర్... మంటూ బంగారు రెక్కల అరుపు తూమంతా నిండింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. మీట నొక్కలేదు. ఊపిరి కూడా వినపడలేదు. ఆ నిశ్శబ్దం వాడి మెడ పట్టుకుని వంచుతున్నట్టుంది.

"నేనే లాగాను," అన్నాడు తెప్పెయ్, గుసగుసగా. "వైరు ఊడలేదు. నేనే లాగాను. వాడికి చెప్పలేదు... ఎవరికీ చెప్పలేదు. నన్ను వదిలెయ్."

మనిషికి చెప్పలేని మాట దెయ్యానికి చెప్పేశాడు.

లోపల చిన్న చప్పుడైంది. తాళాలకి తగిలించుకునే బుల్లి టార్చిలైటు. దాని పసుప్పచ్చ వెలుతురులో, మెడచుట్టూ మఫ్లరు, ఎర్రబడ్డ ముక్కు, ఒళ్ళో విప్పిన అన్నం డబ్బా గుడ్డ...

నొబుతో.

తెప్పెయ్‌కి అప్పుడు భయమేసింది. అంతవరకూ వేసింది అసలు భయమే కాదు.

నొబుతో వాడివంక చూడలేదు. తెర వంకే చూస్తూ, ఎప్పటిలాగే నోట్లో నోట్లో చెప్పాడు. సామాన్లు పోయాయి గానీ వాళ్ళు ఈ రాత్రికి ఖాళీ ఇంట్లోనే పడుకుంటారట. పొద్దున మొదటి రైలుకి ప్రయాణమట.

"నీ ఆకుపురుగు నా దగ్గరే ఉండిపోయింది కదా. ఇచ్చి వెళ్దామని నెల నుంచి పిలుస్తున్నా. నువ్వు ఇటు రావట్లేదు."

తెప్పెయ్ బొటనవేలు ఇంకా పిన్ను మీదే ఉంది.

"మేపాను. గూడు కట్టింది." ముక్కు ఎగబీల్చాడు. "వైరు భయం లేదు. మళ్ళీ నీది కూడా పోతే ఎలా అని, మొన్న మా చెల్లికి కొన్న కొత్త గేముతో కలిపి చూశా. రెండొందల పధ్నాలుగు సార్లు. ఒక్కసారి కూడా ఊడలేదు."

అంతే అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు. వాడి లెక్క ఎప్పుడు తేలిందో, ఎన్నోసారి దగ్గర అర్థమైందో చెప్పలేదు. అర్థమయ్యాక కూడా ఇంకెన్నిసార్లు కలిపి చూశాడో... అదీ చెప్పలేదు.

తెరమీద అక్షరాలు వెలిశాయి. ఏ పురుగుని పంపుతావు?

తెప్పెయ్ ఆరోదాని మీద నొక్కాడు. నొబుతో తన వైపు నొక్కాడు. మార్పిడి మొదలైంది. వైరు తీయవద్దు.

అప్పుడు నొబుతో గేమ్ ఒళ్ళో పెట్టుకుని, టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని, ముందుకి వంగాడు. రెండు చేతులూ చాచాడు. తెప్పెయ్ వైపున్న పిన్నుని, దాని మీదున్న బొటనవేలుతో సహా, పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. గొంటా అటు వెళ్ళేదాకా, తెర మళ్ళీ మామూలయ్యేదాకా వదల్లేదు.

"అయిపోయిందా?" అన్నాడు టార్చి తీసి. "తీయనా?"

తెప్పెయ్ తలూపాడు.

మళ్ళీ అడిగాడు. "తీయనా?"

తీశాడు. నాలుగు వేళ్ళకి చుట్టి, గుడ్డలో పెట్టి ముడేశాడు. తూము ఆ కొస నుంచి దూరి వెళ్ళిపోయాడు. కాసేపు గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు... తర్వాత అదీ లేదు.

డబ్బాల మిషను వెలుతురులోకి వచ్చాక గానీ తెప్పెయ్ తెర చూసుకోలేదు. ఒకప్పుడు పేరు కూడా పెట్టకుండా తోసేసిన ఆకుపురుగు, పురుడు పోసుకుని, పెద్ద నల్లరెక్కలతో వాడి పెట్టెలో కూర్చుని ఉంది.

ఆ రాత్రంతా పక్కమీద దొర్లుతూ తెల్లారి ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాడు. వైరుకేమీ లేదురా. తూములో ఉన్నది నొబుతోనే. లాగింది నేను. మూడే మూడు ముక్కలు. చెప్పేద్దామనే బడికి వెళ్ళాడు.

వెనక బల్ల ఖాళీగా ఉంది. కుర్చీ తిరగేసి దానిమీద పెట్టేశారు.

దైగో చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. వీణ్ణి చూడగానే దారిచ్చారు.

"రాత్రి నువ్వు పార్కులోకి వెళ్ళడం మా అన్న చూశాడట," అన్నాడు దైగో. ఆ మొనగాడి గొంతులో కూడా సన్నటి వణుకుంది. "నొబుతో ఊళ్ళో లేడు కదరా. అయినా పిలిచిందా? విన్నావా?"

అందరూ వాడి నోటివంకే చూస్తున్నారు.

తెప్పెయ్ నోరు తెరిచాడు. కుడిచేతి బొటనవేలు ఇంకా చల్లగానే ఉంది. దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు.

"విన్నా," అన్నాడు. "మూడుసార్లు పిలిచింది."